గుండు పొయ్యే తోవ

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, నల్లా నీళ్లు వచ్చే వేళకు, మా పక్క గది మామ చనిపోయాడు. బకెట్లు పట్టుకుని వరసలో నిలబడ్డ ఆడవాళ్లకు అత్త గొంతు వినబడింది. ఆమె ఏడవలేదు. "మీ మామ లేస్తలేడు, జెర రాండ్రి" అని మామూలుగా, చెయ్యి సాయానికి ఎవరినో పిలిచినట్టు చెప్పింది. వెళ్లిన వాళ్లు తిరిగి రాలేదు. బకెట్లు నల్లా దగ్గరే ఉండిపోయాయి. నీళ్లు వచ్చాయి, పోయాయి. ఆ రోజు మా అంతస్తులో ఎవరింట్లోనూ తాగడానికి చెంబెడు నీళ్లు లేవు.

మా బొంబాయిలో పేరున్న పెద్దవాళ్లు పోతే దాదర్‌లో సభ పెడతారు. ఫొటోకు దండ వేస్తారు, ఎవరెవరో వచ్చి మాట్లాడతారు. మా మామకు అలాంటి సభ ఎవరూ పెట్టరు, పెట్టాలని నేను అడగను కూడా. ఆయన ఒక గోదాము కాపలాదారు. కామాఠిపురలో వరస గదుల మేడ, మా చాలు వాళ్లకు, గ్రాంట్ రోడ్ స్టేషన్ బయట చాయ్ అమ్మే మనిషికి తప్ప ఎవరికీ తెలియడు. అయినా ఆయన గురించి రాయాలి. రాయకుండా ఉంటే నాకు నిద్ర పట్టేలా లేదు, అదీ అసలు సంగతి.

ఆయన నాకు వరసకు మామ కాదు. గోడకు ఆ పక్క ఆయన, ఈ పక్క మేము, అంతే. పిల్లలు లేరు. కూతురే లేని మనిషి నన్ను "అల్లుడా" అని పిలిచేవాడు. మా అమ్మ నవ్వి, పిల్లనివ్వకుండానే అల్లుణ్ణి సంపాదించాడు, తెలివిగల మనిషి అనేది. సొంత ఊరు పాలమూరు జిల్లాలో. పదహారేళ్లకు ఇటుకలు మొయ్యడానికి బొంబాయి వచ్చాడు. ఇరవై ఏళ్లు మోశాక నడుము పట్టేసి, ఒక సేటు గోదాములో కాపలాకు కుదిరాడు. తుపాకి ఉన్న కాపలాదారు అయితే జీతం బాగుంటుందని, తుపాకి తెలిసిన ఇంటివాడు కాబట్టి లైసెన్సు కోసం తిరిగి తిరిగి తెచ్చుకున్నాడు. వాళ్ల నాన్న ఊళ్లో చేలకు అడవి పందులు రాకుండా కాపు కాసేవాడట. మామకు నడక వచ్చినప్పటి నుంచి వేట తెలుసు.

ఒంటి గొట్టం తుపాకి అది. చాలులో ఆయన పేరు తుపాకి మామ. ఆ పేరు వింటే ఎవరో రౌడీ అనుకుంటారు. ఈయన చూస్తే భుజాలు వంగిన మనిషి, మెట్లు దిగేటప్పుడు ఎదురొచ్చిన పిల్లికి కూడా దారి ఇచ్చి పక్కకు నిలబడేవాడు.

తుపాకి లైసెన్సు కాక ఆయన దగ్గర ఇంకో కాగితం ఉండేది, అప్పట్లో అటవీ శాఖ వాళ్లు ఇచ్చే వేట లైసెన్సు. ఏ పిట్టను కొట్టొచ్చు, దేన్ని ముట్టకూడదు, ఏ నెలల్లో, ఎన్ని, అన్నీ అందులో ఉంటాయి. వానలు వెళ్లిపోయాక వేటకు వెళ్లే మొదటి ఆదివారానికి ముందు రోజు, ఆ రెండు కాగితాలూ నా చేతికిచ్చి చదివించేవాడు. మామకు చదువు రాదు. నేను మున్సిపాలిటీ మరాఠీ బడిలో పదో తరగతి దాకా చదివాను. వరండాలో ఆయన గోడకు ఆనుకుని కళ్లు మూసుకునేవాడు, నేను ఒక్కో షరతూ మరాఠీలో చదివి తెలుగులో చెప్పేవాణ్ణి. ఆయనకు అవన్నీ కంఠతా వచ్చు. నేను ఒక షరతు దాటేస్తే కళ్లు తెరిచేవాడు. నాకేమో విసుగు. పోయినేడు చదివిందే కదా మామా అంటే, పోయినేడు కట్టిన తాళి అని ఈయేడు మీ అత్తను మర్చిపోతామా అని అత్త వినేలా అనేవాడు. లోపలి నుంచి అత్త జవాబు వచ్చేది. అది ఇక్కడ రాయను.

ఈ తుపాకిని లైసెన్సుదారు మరొకరి చేతికి ఇవ్వరాదు. ఆ షరతు ప్రతి ఏడూ నా నోటితోనే చదివాను.

నాగ్‌పాడాలో నేను లేతు మిషను మీద పని చేసే వర్క్‌షాపుకు ఆదివారం సెలవు. ఇరవై రెండేళ్లప్పటి నుంచి మామతో వేటకు వెళ్లేవాణ్ణి. గ్రాంట్ రోడ్‌లో మొదటి లోకల్ ఎక్కి విరార్, అక్కడి నుంచి షటిల్ బండిలో సఫాలే. అక్కడ దిగి రెండు గంటలు నడిస్తే కొండలు, కొండల కింద వరి కోసిన మళ్లు, చిన్న చిన్న ఆదివాసీ గూడేలు, అక్కడ పాడాలంటారు. తుపాకి గుడ్డ సంచిలో, తూటాలు నా సంచిలో విడిగా. బండిలో ఎవరైనా అదేమిటని అడిగితే మామ దాచేవాడు కాదు. "బందూక్" అనేవాడు. పక్క సీటు ఖాళీ అయ్యేది. నేను కూర్చునేవాణ్ణి.

వేట అంటే పరిగెత్తడం అనుకుని వెళ్లాను. మామతో వేట అంటే నిలబడడం. మడి గట్టు వచ్చిందంటే చాలు, ఆగిపోయేవాడు. ఎవరున్నారని మూడుసార్లు కేక వేసేవాడు. మనిషి వచ్చి సరేనంటేనే లోపలికి అడుగు. ఎవరూ రాకపోతే చుట్టూ తిరిగి పోవడమే, అది ఎంత దూరమైనా సరే. కోత అయిపోయిన బీడే కదా, ఎవరికి నష్టం అని మొదట్లో వాదించాను. "అడిగి సొర్రాలె అల్లుడా. అడగకుండ సొచ్చినోడు కుందేలును కొట్టినా దొంగనే" అన్నాడు. దెబ్బ తిన్న జంతువు పక్కవాడి చేలోకి పోతే, తూటా తీసేసిన తుపాకిని గట్టు మీద పెట్టి, నన్ను ముట్టొద్దని చెప్పి, ఒట్టి చేతులతో వెళ్లి ఆ ఇంటి ముందు నిలబడేవాడు. కుందేలు ఎవరి మడిలో పడితే వాళ్లకు ఒక వెనక కాలు. ఇంట్లో ఎవరూ లేకపోతే దాన్ని టేకు ఆకులో చుట్టి చూరుకు కట్టి వచ్చేవాడు. అది వాళ్ల ఊరి పద్ధతి. ఆ పాడా వాళ్లకు మొదట్లో అర్థమయ్యేది కాదు. తర్వాత అలవాటు పడ్డారు, పిలిచి చాయ్ ఇచ్చేవారు. మేకపాల చాయ్. దాని వాసన నాకు పడేది కాదు. మామ రెండు గ్లాసులు, నాదీ కలిపి మూడు గ్లాసులు తాగేవాడు.

ఒకసారి ఒక కాపలా కుక్క వచ్చి ఆయన పంచె పట్టుకుంది. భుజాన తుపాకి ఉంది, చేతిలో కర్ర ఉంది. ఆయన కదలకుండా నిలబడ్డాడు. యజమాని వచ్చి విడిపించే లోపు పంచె మోకాలి దాకా చిరిగింది. నాకు ఒళ్లు మండి, కర్రతో ఒకటి వెయ్యొచ్చు కదా అన్నాను. దాని ఇంటికి మనం వచ్చినం, మన ఇంటికి అది రాలేదు అన్నాడు. ఆ చిరిగిన పంచెతోనే సాయంత్రం దాకా తిరిగి, లోకల్‌లో తిరిగొచ్చాం. బండిలో జనం ఆయన పిక్కల వంక చూస్తుంటే నేను సిగ్గుపడ్డాను. ఇప్పుడు ఆ సిగ్గుకు సిగ్గుపడుతున్నాను.

తుపాకి పేల్చడం గురించి ఆయన ఎక్కువ చెప్పలేదు. చెప్పింది ఒకటే. "గుండు నీదే. అది పొయ్యే తోవ నీది గాదు, మందిది. జంతువును జూసుడు ఎవడన్న జూస్తడు. దాని యెనక ఏమున్నదో జూడాలె." వెనక ఏముందో చూడలేనంత పొద అడ్డముంటే ఏం చెయ్యాలి? వినాలి. వాళ్ల పాలమూరు దిక్కు మేకకైనా గొర్రెకైనా బర్రెకైనా మెడలో గంట ఉంటుంది. మేస్తే మోగుతుంది, తల తిప్పినా మోగుతుంది. ఊపిరి పట్టి విను, గంట లేకపోతే మంద లేనట్టే అనేవాడు. ఈ మాట నాకు బాగా నచ్చింది. కళ్లతో చూసేదాని కంటే చెవులతో వినేది పెద్ద విద్యలా అనిపించేది.

నాలుగేళ్ల కింద ఆయన కుడి కంట్లో పొర మొదలైంది. గోదాము కాపలాకు అది అడ్డం కాలేదు. అక్కడ తుపాకి పట్టుకుని కూర్చోవడమే పని. వేటకు మాత్రం అడ్డం. ఆ ఏడు మొదటి ఆదివారం కొండల దాకా వెళ్లి, ఒక కుందేలు చక్కగా ఎదురుగా కూర్చున్నా, గొట్టం ఎత్తి దించేశాడు. మసక కళ్లవాడు కొట్టకూడదు అన్నాడు. రెండో వారమూ అంతే. ఇరవై ఏళ్లుగా ఆదివారం కోసం బతికిన మనిషి అలా దించేస్తుంటే చూడలేకపోయాను. అది ఒక్కటే నిజం కాదు. రెండేళ్లుగా నాకు కాల్చాలని ఉంది, అది కూడా నిజమే. నీ కళ్లకు బదులు నా కళ్లు అనుకో మామా, ఒక్క తూటా అని బతిమాలాను. మూడో వారం ఒప్పుకున్నాడు. నా మీద ప్రేమతో ఒప్పుకున్నాడు. ఆయన జీవితంలో నాకు తెలిసి తప్పిన షరతు అదొక్కటే.

ఒక మడి గట్టు మీద నిలబడి ఉన్నాం. మడి యజమానిని అడిగాం, సరేనని తన దారిన వెళ్లిపోయాడు. గట్టుకు అవతల కరవంద ముళ్ల పొద, దాని ముందు కుందేలు. పొద వెనక ఏముందో కనబడటం లేదు. మామ నా భుజం మీద చెయ్యి వేశాడు.

"గంటేమన్న వినబడుతున్నదా?"

విన్నాను. గాలి తప్ప ఏమీ లేదు. లేదన్నాను. ఆయన కూడా కాసేపు విన్నాడు.

"అయితే కొట్టు."

కొట్టాను. కుందేలు దూకి పారిపోయింది. పొద వెనక నుంచి వచ్చిన అరుపు కుందేలుది కాదు.

ఒక మేక. పొద అవతల ఒక గుడిసె ఉంది, దాని పక్కన నీడలో గుంజకు కట్టి ఉంది. సీసపు గుళ్లు మెడలోనూ పక్కటెముకల్లోనూ దిగాయి. మేం వెళ్లేసరికి కాళ్లు కొట్టుకోవడం కూడా ఆగిపోయింది. పొదుగు నిండా పాలు. గంపలో పది పదిహేను రోజుల పిల్ల ఉంది. అది లేచి నిలబడి మా వంక చూస్తోంది. గుడిసెలో ఎవరూ లేరు. చుట్టుపక్కల ఎవరూ లేరు.

నా మెదడు ఎంత వేగంగా పని చేసిందో చెప్తే మీరు నన్ను అసహ్యించుకుంటారు. ఫిర్యాదు వెళ్తే తుపాకి పోతుంది, తుపాకి పోతే మామ ఉద్యోగం పోతుంది, నన్ను పోలీసులు పట్టుకుంటారు. ఇవన్నీ ఒక్క గుటకలో అనుకున్నాను. మామ చెయ్యి పట్టి లాగాను. "పా మామ, పోదాం. ఎవ్వలు జూడలే."

ఆయన చెయ్యి విడిపించుకోలేదు. "మనమిద్దరం జూసినం గదరా" అన్నాడు.

ఆయన మేక పక్కన కూర్చున్నాడు. మేం ఆ ఇంటామె కోసం గంటన్నర ఎదురుచూశాం. నెత్తిన గడ్డి మోపుతో వచ్చింది, మా అమ్మ వయసు ఉంటుంది. మోపు దించకుండానే అంతా చూసింది. నాకు మరాఠీ వచ్చు, ఆమెకు మరాఠీ వచ్చు. మామకు సరిగా రాదు, ఆయన మరాఠీ వింటే మా చాలు పిల్లలు నవ్వేవారు. ఆ రోజు మాట్లాడింది ఆయన. చేతులు జోడించి, "బాయీ, బందూక్ మాఝీ, చూక్ మాఝీ" అన్నాడు. తుపాకి నాది, తప్పు నాది. అంతకంటే మాటలు ఆయన దగ్గర లేవు. నా దగ్గర ఉన్నాయి. నేను ఆయన వెనక నిలబడి నేల చూశాను.

ఆమె చాలాసేపు తిట్టింది. తిట్టి తిట్టి అలసిపోయి కూర్చుంది. కట్టేసిన మేకకు గంట ఎవరు కడతారు, మేతకు వదిలేటప్పుడు కడతాం అని మామ సైగలకు జవాబు చెప్పింది. గంట గుడిసె లోపల మేకుకు వేలాడుతోంది. మామ దాన్ని చూసి తల పట్టుకున్నాడు. పోలీసుల దగ్గరికి నేను పోను, నాకంత తీరిక లేదు అంది. మిగిలిన రెండు మేకలూ పాలివ్వడం లేదు, పొద్దున్నే గడ్డి కోతకు పోతే సాయంత్రం దాకా రాను, ఈ పిల్లకు పాలెవరు పడతారు, ఇది కూడా చస్తుంది అంది. అప్పుడు ఏడ్చింది. అది మాత్రం నేను మామకు తెలుగులో చెప్పాను.

మామ గంప దగ్గరికి వెళ్లి పిల్ల నోటికి చిటికెన వేలు ఇచ్చాడు. అది పట్టుకుని చీకడం మొదలుపెట్టింది. నేను తీసుకుపోయి పెంచి ఇస్తానని చెప్పమన్నాడు. చెప్పాను. బొంబాయి వాళ్ల మాట నమ్మి మేకపిల్లను ఎవరిస్తారు? ఆమె ఆ వేలును, పిల్లను, ఆయన ముఖాన్ని మార్చి మార్చి చూసింది. తర్వాత తన చీర కొంగు చింపి పిల్లను చుట్టి ఇచ్చింది.

తిరుగు ప్రయాణంలో నాకు గుండె తేలికపడింది. ఫిర్యాదు లేదు, తుపాకి ఉంది, ఉద్యోగం ఉంది. అదే అన్నాను. మామ పిల్లను ఒళ్లో పెట్టుకుని కిటికీ బయటకు చూస్తున్నాడు.

"మేక సంగతి ఆమె ఇడిసిపెట్టింది. తుపాకి నీ చేతికిచ్చుడు ఆమె ఇడిసిపెట్టేది గాదు. కాయితం మీద రాసున్నది, నువ్వే సదివినవ్." పిల్ల చుట్టూ కొంగు సర్ది మళ్లీ అన్నాడు, "మా ఊరి గంట మా ఊర్లనే మోగుతదిరా. ఈడ ఎట్ల కడ్తరని ఇన్నేండ్లల్ల ఒక్కనాడన్న అడిగిన్నా? అన్ని అడిగిన, అది అడగలే."

మర్నాడు పోలీసు స్టేషన్‌కు వెళ్లాం. మాట సాయానికి నేను. అక్కడి సాహెబు మంచి మనిషి. తన మీద తనే ఫిర్యాదు తెచ్చిన వాణ్ణి ఎప్పుడూ చూడలేదేమో, ముందు నవ్వాడు. తర్వాత కుర్చీ వేయించాడు. కన్ను సరిగా లేదు కదా బాబా, కంటి కారణంగా తుపాకి జమ చేస్తున్నానని రాసిస్తే సరిపోతుంది, మిగతాది ఎందుకు అన్నాడు. నేను ఆశగా అది తెలుగులో చెప్పాను. మామ "రెండూ రాయమను" అన్నాడు. ఎవరి చేతికిచ్చావని సాహెబు అడిగాడు. మామ నా వంక చూడలేదు. ఇచ్చినవాడిది తప్పు, అదే రాయమను అన్నాడు. సాహెబు నా వంక చూశాడు, కలం వంక చూశాడు, మామ చెప్పిందే రాశాడు.

బయటికొచ్చాక నా పేరు ఎందుకు చెప్పలేదని అడిగాను. దాచాడని, నన్ను కాపాడాడని అనుకున్నాను. ఆయన గొంతులో కోపం లేదు.

"నా వంతు నేను చెప్పిన. నీ వంతు నేనెట్ల చెప్తా? అది నీది."

సేటు ఆయన్ను పూర్తిగా తీసెయ్యలేదు. తుపాకి లేని కాపలాదారుగా, కర్ర ఇచ్చి గోదాము వెనక గేటు దగ్గర వేశాడు. జీతం తగ్గింది. అత్త మూడు ఇళ్లలో గిన్నెలు తోమే పనికి కుదిరింది. నా ముందు ఆమె ఒక్క మాట అనలేదు. పండగకు అరిసెలు ఎప్పటిలాగే నాకు పంపింది. అనివుంటే బాగుండేది.

మేకపిల్ల మాత్రం మా చాలులో దొరలా బతికింది. పాల సీసాకు రబ్బరు పీక తొడిగి మామ రోజుకు నాలుగుసార్లు పట్టేవాడు. ఆయన డ్యూటీలో ఉంటే అత్త, అత్త పనికి పోతే మా అమ్మ. ఎదురు మేడలో ఉండే ఆడవాళ్లు పొద్దున చాయ్‌కి తెచ్చుకున్న పాలలో ఒక గ్లాసు పక్కన పెట్టి, పైనుంచి కేకేసేవారు. వాళ్లలో ఒకామె రోజూ దిగి వచ్చి, దాని చెవులు పట్టుకుని కన్నడంలో ఏవో కబుర్లు చెప్పి వెళ్లేది. దానికి పేరు పెడదామంటే మామ ఒప్పుకోలేదు, మంది సొమ్ముకు మనం పేరు పెట్టొద్దు అన్నాడు. అయినా పెట్టేశాం. ఆయన లేనప్పుడు పిలిచేవాళ్లం. నాగ్‌పాడా మాంసం కొట్టు మనిషి దాన్ని చూసి, ఎంతకిస్తావని సరదాకు అడిగాడు. మామ ఆ వీధినే నడవడం మానేశాడు. నేను పని నుంచి వచ్చి చూసేసరికి అది ఒక్కోసారి ఆయన పంచె చెంగు నములుతూ ఉండేది. ఆయన నిద్రపోతూ ఉండేవాడు. రెండు నెలలయ్యాక బలిసి, వరండాలో వడియాలు తింటోందని ఆడవాళ్ల పంచాయితీ కూడా అయింది.

దాన్ని తిరిగిచ్చే రోజు నాకు వర్క్‌షాపులో పని పడిందని చెప్పాను. పని పడలేదు. మామ ఒక్కడే వెళ్లాడు. ఆ తర్వాత కూడా ఏడాదికి ఒకటి రెండుసార్లు, తుపాకి లేకుండా, ఒట్టి చేతులతో ఆ కొండలకు వెళ్లి వచ్చేవాడు. ప్రతిసారీ వస్తావా అల్లుడా అని అడిగేవాడు. ప్రతిసారీ నాకేదో పని ఉండేది. నమ్మినట్టు తల ఊపేవాడు. నాలుగేళ్లలో ఆ సంగతి ఒక్కసారి ఎత్తలేదు. ఎత్తి ఉంటే నేను పోట్లాడి తప్పించుకునేవాణ్ణి. ఆయనకు అది తెలుసు.

ఆయన పోయిన ఆరో రోజు ఆదివారం. పదో రోజు పిట్టలకు పెట్టడానికి ఏమేం వండాలని ఆడవాళ్లు లెక్క వేసుకుంటున్నారు. అత్త నన్ను పిలిచి, కొండ కింద ఆమెకు ఎవరన్నా చెప్పాలె గదా బిడ్డా అంది. ఎవరన్నా అంది, నువ్వు అనలేదు. ఆ మర్యాద భరించలేక బయల్దేరాను.

గుడిసె అక్కడే ఉంది. ఆమె వాకిట్లో మేతకు ఆకులు కోసి వేస్తోంది, జుట్టు బాగా తెల్లబడింది. నన్ను చూసి నా వెనక చూసింది, ఇంకెవరైనా వస్తున్నారేమోనని. బాబా చనిపోయాడని చెప్పాను. చేతిలో కొడవలి కింద పెట్టింది. ఎప్పుడు, ఎలా, బాధ పడ్డాడా అని అడిగింది. అన్నీ చెప్పాను. చెప్పడం అయిపోయాక లేచి వచ్చెయ్యొచ్చు. వచ్చెయ్యలేదు.

"బాయీ, ఆ రోజు మేకను కాల్చింది ఆయన కాదు. నేను."

నాలుగేళ్లు పట్టిన మాట, చెప్పడానికి గుక్కెడు ఊపిరి కూడా పట్టలేదు. నా మరాఠీ ఎప్పుడూ అంత శుద్ధంగా లేదు.

ఆమె ఆశ్చర్యపోలేదు. "తెలుసు. ఆయన ఆ రోజంతా మేక వంక చూశాడు. నువ్వు ఒక్కసారి చూడలేదు. కాల్చినవాడే చూడలేడు" అంది. తర్వాత ఎన్నోసార్లు ఆయన్ను అడిగిందట, కాల్చింది ఎవరని. అడిగినప్పుడల్లా నవ్వి చాయ్ పొయ్యమనేవాడట.

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. మా చాలులో అందరి ముందు, పాడె మొయ్యేటప్పుడు కూడా రాని ఏడుపు. ఆమె ఓదార్చలేదు, క్షమించానని అనలేదు. కూర్చోమంది. నాలుగు మేకలున్నాయి ఇప్పుడు. మా చాలులో పెరిగింది ఏదని నేను అడగలేదు, ఆమె చూపించలేదు. పాలు పిండింది. చాయ్ పెట్టి ఇచ్చింది. వాసనతో సహా మొత్తం తాగాను.

మీవాళ్లు పదో రోజు ఏం చేస్తారని అడిగింది. ఆయనకు ఇష్టమైనవి వండి పిట్టలకు పెడతామని చెప్పాను. ఏమిష్టమో నాకు తెలుసు, నీకు తెలుసు అన్నట్టు చూసి, మిగిలిన పాలు కుండలో పోసి బాగా కాచింది. మూతున్న అల్యూమినియం డబ్బాలో పోసి, గుడ్డ కట్టి నా చేతిలో పెట్టింది. పదో రోజుకు ఉండవు, ఇంటికి పోగానే ఆయన ఇంటామెకు చాయ్ పెట్టివ్వు అంది. డబ్బా ఎప్పుడు తిరిగి తెస్తావని మాత్రం అడిగింది. వచ్చే ఆదివారం అన్నాను.

విరార్‌లో లోకల్ ఎక్కేసరికి సాయంత్రమైంది. ఆదివారం జనం, నిలబడడానికే చోటు లేదు. మీద పడుతున్న ఒకతను అందులో ఏముందని విసుక్కుంటూ అడిగాడు. మా ఇంట్లో పెద్దాయన పోయాడు, ఆయన కోసం పంపిన పాలు అన్నాను. అతను వెనక్కి తిరిగి, జరగండి, జరగండి అన్నాడు. అంత రద్దీలో నా చుట్టూ జానెడు చోటు ఏర్పడింది. ఒక్కో స్టేషన్‌లో ఎక్కేవాళ్లు ఎక్కుతున్నారు, దిగేవాళ్లు దిగుతున్నారు, ఆ జానెడు చోటును మాత్రం ఒకరి నుంచి ఒకరు అందుకుని కాపాడుతున్నారు. డబ్బాను ఛాతీకి ఆనించుకుని, మూత మీద అరచెయ్యి పెట్టుకుని, గ్రాంట్ రోడ్ దాకా అలాగే నిలబడి వచ్చాను. దిగేటప్పటికి కూడా పాలు గోరువెచ్చగా ఉన్నాయి.